నేల తాకని పొనికి

నేను వెళ్ళింది చెక్క కోసం. ఆ మాట ముందే చెప్పేస్తే, తర్వాత ఎవరూ నన్ను పుణ్యాత్మురాలు అనుకోరు. మాది కొండపల్లి. అత్తగారింట్లో మూడు తరాలుగా బొమ్మలు చేస్తున్నారు. నేను రంగులు వేస్తాను, పని ఎక్కువైతే ఉలి కూడా పడతాను. మా బొమ్మకు పొనికి చెక్క తప్ప ఇంకేదీ పనికిరాదు. అరచేతిలో బరువే తెలియదు, ఉలికి ఇట్టే లొంగుతుంది. ఆ చెట్టు మా కొండల్లో ఏటేటా పలచబడిపోతోంది. విత్తనం వేస్తే అంత తేలిగ్గా మొలిచే రకం కూడా కాదు.

పోయినేడాది హైదరాబాదులో ఒక సంతలో బొమ్మలు పెట్టుకుని కూర్చున్నాను. ఒక అమ్మాయి వచ్చి ఎద్దుల బండి బొమ్మ తీసి, ధర అడక్కుండా ముక్కు దగ్గర పెట్టుకుంది. "గిది పొనికి గదా అక్కా?" అంది. ఇన్నేళ్ళలో నా బొమ్మను వాసన చూసి గుర్తుపట్టిన మనిషి ఆమె ఒక్కతే. పేరు సుజాత. కోరుట్లలో బట్టలు కుడుతుంది. వాళ్ళు నాయకపోడు తెగవాళ్ళు, గుట్టల కింద ఉంటారు. వాళ్ళ లక్ష్మీదేవరను పొనికి చెక్కతోనే చేస్తారట. గుర్రం ముఖం ఉన్న ఆ దేవరను పూజారి తల మీద పెట్టుకుని ఆడతాడు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. మొన్న మోదుగుపూలు పూసే రోజుల్లో ఫోన్ చేసింది. "బాపు కట్టెకు పోతున్నడు. చూస్తనంటె రా" అని. బాపు అంటే వాళ్ళ నాన్న, దేవరను చెక్కేది ఆయనే.

పొనికి దొరికే చోటు తెలుస్తుందని ఆశపడి సంచీ సర్దుకున్నాను.

జగిత్యాల

పొద్దున్నే బస్సు దిగి, ఖిల్లా తర్వాత చూడవచ్చులే అని ముందు ఆకలి సంగతి చూసుకున్నాను. స్టాండు బయట ఒకావిడ బండి మీద సర్వపిండి కాలుస్తోంది. మా తపేలా చెక్కకు దగ్గర చుట్టం. నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి వేసి గిన్నె అడుగుకు అద్దేస్తారు. ఒకటి ఇరవై రూపాయలు. గుంటూరు కారం తిన్న నోరు అనే గర్వంతో పెద్ద ముక్క కొరికాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అడక్కుండానే మంచినీళ్ళ చెంబు జరిపింది.

"గంత దూరంకెళ్లి ఏం పని మీద అచ్చిన్రమ్మా?"

"కోరుట్ల అవతల గుట్టల్లో చెట్లు చూద్దామనండి."

"చూసుడైతే జల్ది చూడున్రి" అంది పిండి తిరగేస్తూ. "మా అమ్మగారింటి ఎన్క ఒక గుట్ట ఉండె. చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కేటోళ్ళం. గిప్పుడు గది రోడ్డు కింద ఉన్నది."

నాకు వెంటనే అర్థం కాలేదు. గుట్టను పగలగొట్టి, కంకర చేసి, రోడ్డుకు పోశారని ఆవిడ విడమరిచి చెప్పింది. నేను వచ్చిన రోడ్డు కూడా అదే కావచ్చునట. ఖిల్లా చూడాలన్న సరదా పోయింది. కోరుట్ల బస్సెక్కేశాను.

కోరుట్ల

సుజాత కొట్టు మెట్ల కింద ఉంది. ఒక మిషన్, ఒక స్టూలు, గోడకు వరసగా జాకెట్లు. నన్ను చూసి నవ్వింది గానీ ఆ నవ్వులో హుషారు లేదు. మిషన్ తొక్కుతూనే సంగతంతా చెప్పింది.

పాత దేవరకు చెద పట్టింది. ముఖం సగం పొడైపోయింది. వచ్చే జాతరకు కొత్త ముఖం కావాలి. గుట్ట మీద ఇప్పుడు మిగిలిన పొనికి చెట్లు రెండంటే రెండు. ఒక దేవర సుమారుగా ఒక తరం వస్తుంది. అంచేత ఒక చెట్టు ఇప్పటికి, ఒకటి రాబోయేవాళ్ళకు అని ఊరు అనుకుంది. కానీ కంకర క్వారీ రోజూ కొంత గుట్టను తింటూ ఆ చెట్ల దాకా వచ్చేసింది. ఆపమని ఊరివాళ్ళు ఆఫీసుల్లో అర్జీలు ఇచ్చారు, ఇస్తూనే ఉన్నారు.

"బాపుకు ఒక్కటే పట్టు అక్కా. చెట్టు మీదికెళ్లి దిగినంక మొద్దు నేలకు ఆనద్దు. మొఖం చెక్కి కండ్లు దిద్దేదాంక ఎవలో ఒకలి ఒడిలనే ఉండాలె. పసిబిడ్డ లెక్క."

"ఆనితే?"

"ఆనితే కట్టె. దేవర కాదు."

నాకు నవ్వొచ్చింది, దాచుకోలేకపోయాను. మేం చెక్కను కాలితో తొక్కిపట్టి చెక్కుతాం. రెండు చేతులకూ పని ఉంటుంది మరి. దశావతారాలన్నీ మా ఆయన బొటనవేలి కిందే పుట్టాయి. ఆ మాటే అన్నాను. సుజాత మిషన్ ఆపేసింది.

"బాపు ముంగట గా మాట అనకు" అంది.

సిరిసిల్ల

మొద్దును మోయడానికి కొత్త బట్ట కావాలి, అది చేతిమగ్గం మీద నేసిందే కావాలి. మర్నాడు ఇద్దరం సిరిసిల్ల బయల్దేరాం. కథలాపూర్, రుద్రంగి దాటి చందుర్తి వచ్చేదాకా సుజాత కిటికీలోంచి గుట్టలు చూపిస్తూనే ఉంది. "గా గుట్టకు ముందటి దిక్కు మంచిగనే కనవడ్తది, ఎన్కకు పోతే ఏం లేదు" అంది ఒకదాన్ని చూసి. కంకర టిప్పర్లు ఎదురొచ్చినప్పుడల్లా బస్సులో అందరూ కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. అలవాటైన పనిలా, మాటలు ఆపకుండా.

సిరిసిల్ల వీధుల్లో మరమగ్గాల చప్పుడుకు నా మాట నాకే వినపడలేదు. సుజాతకు తెలిసిన నేతపనివాడు రాజేశంగారి ఇంట్లో మాత్రం గుంటమగ్గం ఉంది. కొడుకులు ముందు గదిలో పవర్‌లూమ్‌లు నడుపుతారు, ఈయన వెనక గదిలో కాళ్ళు గుంతలో పెట్టుకుని నేస్తాడు. తెల్లటి నూలు బట్ట, అంచుకు ఎర్ర పోగు. ఆరువందలన్నాడు. నేను బజారు మనిషిని, బేరం ఆడకపోతే చెయ్యి దురద పెడుతుంది. నాలుగువందలు అన్నాను.

సుజాత ముఖం ఎర్రబడింది. రాజేశంగారు నేయడం ఆపి నా వైపు చూశాడు.

"దేవర బట్టకు బేరమాడుతున్నవా అమ్మా?" అన్నాడు, కోపంగా కాదు, వింతగా. "మా నాయిన గిదే గుంతల కూసోని వీళ్ళ తాతకు గీ బట్టనే ఇచ్చిండు. పైసలు లేకుంటె ఊకనే తీస్కపోన్రి."

సిగ్గేసింది. ఆరువందలూ ఇచ్చి, టీ తాగి, తల వంచుకుని బయటికొచ్చాను. బస్సులో సుజాత ఆ బట్టను కవర్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గుట్ట కింద

ఊరి పేరు రాయను. రాయొద్దన్నారు. ఇరవై ఇళ్ళు కూడా ఉండవు. ప్రతి ఇంటి పెంకుల మీదా ముగ్గుపిండి చల్లినట్టు బూడిదరంగు పొడి. గిన్నెల మీద మూతలు, మూతల మీద తడిగుడ్డలు. సుజాత తల్లి రాజవ్వ జొన్న గటక, పచ్చిపులుసు పెట్టింది. పళ్ళ కింద కరకరమంది. "జొన్నలు మంచియే బిడ్డ, గది గుట్ట" అంది రాజవ్వ, క్షమించమన్నట్టు.

నాలుగు కావస్తుండగా ఆడవాళ్ళంతా అలమరల్లోంచి గిన్నెలూ గాజు గ్లాసులూ తీసి చాపల మీద పెట్టారు. ఎందుకో అడిగేలోపే సైరన్ మోగింది, మూడుసార్లు. తర్వాత నేల కదిలింది. నేను గోడ పట్టుకున్నాను. వాళ్ళు మాత్రం కాసేపు ఆగి, గిన్నెలన్నీ తిరిగి అలమరల్లో సర్దుకున్నారు. రోజూ ఇదే పని.

సుజాత తండ్రి భీమయ్య అప్పుడే వచ్చాడు. డెబ్బై దాటినా నిటారుగా ఉన్నాడు. చేతిలో గడ్డపార, భుజం మీద తినే అడవిగడ్డల సంచీ. గడ్డ తవ్వితే తీగ మొదలు మళ్ళీ మట్టిలో పెట్టి రావాలట. తీగలున్న పక్కకు బ్లాస్టింగ్ ఇంకా రాలేదు.

"ఏం పని మీద అచ్చినవు బిడ్డా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ ముఖం చూస్తే నోరు రాలేదు. "పొనికి కోసం పెద్దయ్యా. మా ఊళ్ళో దొరకట్లేదు. మీ దగ్గరేమైనా ఉంటుందేమోనని."

ఆయన తలాడించాడు. "గదే పని మీద మేం గూడ పోతున్నం. రేపు రా."

గుట్ట మీద

క్వారీ దారికి అడ్డం కట్టిన తాడు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. పక్క ఊరివాడే. భీమయ్యను మామా అని పిలుస్తాడు.

"నా మీదికి రానియ్యకు మామా. మేనేజర్‌కు ఫోన్ కొట్టిన, ఎత్తుతలేడు."

"చెట్టు దగ్గరికి నన్ను పోవద్దంటున్నవా?"

"నేనంటలేను మామా. డూటీ అంటున్నది."

తొమ్మిదికి వెళ్ళినవాళ్ళం పన్నెండున్నర దాకా ఎండలో కూర్చున్నాం. భీమయ్య, ఆయన తమ్ముడి కొడుకులు ఇద్దరు, సుజాత, నేను. చివరికి ఫోన్ వచ్చింది. "మూడున్నర లోపట దిగాలె. నాలుగ్గొట్టంగ బ్లాస్టింగ్. నేనాపలేను" అని తాడు ఎత్తాడు.

ఎక్కుతున్నంతసేపూ భీమయ్య వెనక్కి చూడలేదు. గుట్ట సగం నిలువునా కోసేసి ఉంది. అంచు మీద రెండు పొనికి చెట్లు, ఆకు రాలిపోయి, తెల్లటి బెరడుతో. ఒకటి ఇవతల, ఒకటి అంచుకు బాగా దగ్గర. ఇవతలి చెట్టుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఆయన దాని మొదలు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపంటే నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాను. అడుగుతున్నాడట. మేం ఏ చెట్టునూ ఎప్పుడూ ఏదీ అడగలేదు.

గొడ్డలి దెబ్బ పడ్డాక కూడా చెట్టు ఒరిగిపోకుండా తాళ్ళు కట్టి పట్టుకున్నారు. మూర పొడవు మొద్దు కోసి, కోసింది కోసినట్టు సుజాత చాచిన బట్టలోకి దించారు. తాళ్ళు వదిలాక మిగతా చెట్టు నేలకు ఒరిగింది, అది ఇక దేవరకు పనికిరాదట. మొదలు చుట్టూ మట్టి తవ్వి, దాచి తెచ్చిన విత్తనాలు వేశారు. అప్పటికి మూడూ ఇరవై.

దిగేటప్పుడు మొద్దు చేతులు మారుతూ వచ్చింది. నా చేతికి మాత్రం ఇవ్వలేదు. నేనూ అడగలేదు. టిప్పర్ల దారిలోకి వచ్చాం. సగం దూరం వచ్చామో లేదో సైరన్ మోగింది. నాలుగు కాలేదు. నా గడియారంలో మూడూ ముప్పై ఐదు.

"గిదేంది, ఇంకా టైముండె గదా!" అని సుజాత అరిచింది. ముందు నడుస్తున్న భీమయ్య తిరిగి చూడబోయి, కంకర మీద కాలు జారి పక్క పల్లంలో పడ్డాడు. మగవాళ్ళిద్దరూ అటు దూకారు. సుజాత బట్టతో సహా మొద్దును నా చేతుల్లోకి నెట్టేసి పరిగెత్తింది.

నేనొక్కదాన్నే మిగిలాను. రెండో సైరన్ మోగింది. వాళ్ళ వైపు పరిగెడదామంటే చీర తుమ్మకంపకు చిక్కుకుంది. ఒంటిచేత్తో లాగాను, రాలేదు. అప్పుడు ముప్పై ఏళ్ళుగా నా ఒళ్ళు నేర్చుకున్న పని అదే చేసేసింది. మొద్దును కింద పెట్టాను, దొర్లిపోకుండా ఎడమకాలితో తొక్కిపట్టాను, రెండు చేతులతో చీర విడిపించుకున్నాను. బట్ట జారిపోయి మొద్దు కంకర పొడిలో ఉంది. నా చెప్పు దాని మీద ఉంది.

తలెత్తితే సుజాత చూస్తోంది.

వచ్చి, నా కాలి కింది నుంచి మొద్దు తీసుకుని, బట్టలో చుట్టి గుండెకు పట్టుకుంది. మూడో సైరన్ మోగేసరికి అందరం ఒక పెద్ద బండ చాటున ఒదిగాం. గుట్ట అదిరింది. రాళ్ళు మా ముందు టపటపా పడ్డాయి. ఆ దుమ్ములో చాలాసేపు ఒకరికొకరం కనిపించలేదు.

సాయంత్రం

భీమయ్య మోకాలికి దెబ్బ తగిలింది గానీ నడవగలిగాడు. మొద్దు రాజవ్వ ఒడిలోకి చేరింది. ఊరి ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని ఒడి మార్చుకుంటున్నారు. ఒక ముసలమ్మ దానికి జోల పాడుతోంది. నాకు తల తీసేసినట్టయింది. సుజాత నన్ను ఇంటి వెనక్కి పిలిచింది.

"బాపుకు చెప్పకు అక్కా."

"ఎలా చెప్పకుండా ఉంటాను?"

"చెప్తే రేపు పోయి రెండో చెట్టును గూడ కొట్టుకొస్తడు. గంతే. ఇంక గుట్ట మీద ఏం ఉండది. నాకు దేవర గావాలె, చెట్టు గూడ గావాలె. నువ్వు సప్పుడు చెయ్యకుంటె రెండూ ఉంటయి."

ఆమె చెప్పింది న్యాయంగానే ఉంది. కానీ ఆ ముసలమ్మ పాట వినిపిస్తూనే ఉంది. నేను తొక్కిన కట్టెకు ఆవిడ జోల పాడుతోంది. చెబితే చెట్టు పోతుంది, చెప్పకపోతే వీళ్ళు ఒక తరం పాటు ఉత్త కట్టెకు మొక్కుతారు, అదీ నా వల్ల. ఇంటికి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. ఆఖరి ఆటో అప్పటికే పోయింది.

మర్నాడు

తెల్లవారగానే రాజవ్వ వచ్చి, "నువ్వు గూడ ఒడి పట్టు బిడ్డా, మా ఇంటికచ్చినదానివి" అంది. నేను లేచి నిలబడి, భీమయ్య ముందుకు వెళ్ళి చెప్పేశాను. కింద పెట్టానని, కాలు పెట్టానని, చెప్పుకాలని.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. భీమయ్య మోకాలికి కట్టిన గుడ్డ బిగించుకున్నాడు, గొడ్డలి తీసుకున్నాడు, గుట్ట వైపు నడిచాడు. సుజాత నా పక్కనుంచి వెళుతూ అంది:

"నీ మనసు తేలికైంది. చెట్టు పోతది."

తాడు దాకా నేనూ వెళ్ళాను, ఎందుకో నాకే తెలియదు. సెక్యూరిటీ ఆయన ఈసారి ఫోన్ తీయలేదు. తాడు కూడా ఎత్తలేదు.

"ఏడికి మామా? అంచు మొత్తం నిన్ననే కూలింది."

పైకి చూశాం. నిన్న రెండు చెట్లున్న చోట ఆకాశం ఉంది. మేం విత్తనాలు వేసిన మట్టి కూడా లేదు. భీమయ్య గొడ్డలి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. సుజాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ హక్కు నాకు లేదని తెలుసు, అయినా ఆగలేదు.

తిరిగొచ్చాక ఊరంతా రాజవ్వ చుట్టూ మూగింది. ఇంకా మొద్దు ఆమె ఒడిలోనే ఉంది. కట్టె అయిపోయాక కూడా కింద పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. భీమయ్య ముందుకు వంగి, బెరడు మీద వేలు రాసి, వేలికి అంటిన బూడిదరంగు పొడి నాకు చూపించాడు.

"గిదేంది?"

"దుమ్ము."

"ఏడిది?"

"క్వారీది పెద్దయ్యా. నేను పెట్టింది ఆ పొడిలోనే."

"క్వారోడు ఏడికెళ్లి తెచ్చిండు?"

భీమయ్య ఆ వేలినే ఎత్తి గుట్ట వైపు చూపించాడు.

"గుట్టను దంచితె గిదైంది" అన్నాడు. "చెట్టు గుట్ట మీదనే పుట్టింది, గుట్ట మీదనే ఆనింది. నేలకు ఏడ దిగింది?"

జోల పాడిన ముసలమ్మ ఊరుకోలేదు. "కాలు వెట్టింది గద భీమయ్య?"

"గుట్ట మీద కాలు వెట్టకుంట నువ్వెక్కినవా అత్తా? పుట్టిన కాడికెళ్లి తొక్కుతనే ఉన్నం. గుట్ట ఒక్కనాడన్న అలిగిందా?"

ముసలమ్మ లేచి తన ఇంటికి వెళ్ళి తలుపేసుకుంది. ఇంకో ఇద్దరు ఆమె వెనక వెళ్ళారు. భీమయ్య వాళ్ళను పిలవలేదు. ఉండిపోయినవాళ్ళు కూడా ఒప్పుకున్నారో, ఏం చెప్పాలో తోచక ఊరుకున్నారో నాకు తెలియలేదు. సుజాత వచ్చి రాజవ్వ పక్కన కూర్చుని, బెరడు మీది పొడిని తుడవబోయి, ఆగి, అలాగే ఉంచేసింది.

భీమయ్య చిన్న ఉలి నూరుకుని వచ్చాడు. చుట్టూ చూసి నన్ను పిలిచాడు.

"కొండపల్లమ్మా, ఇటు రా. కూసోని ఒడి పట్టు."

"వద్దు పెద్దయ్యా. నావల్ల కాదు."

"ఉలి పడ్డప్పుడు కట్టె ఎటు జరుగుతదో ఈడ నీకొక్కదానికే ఎరుక. కూసో."

కూర్చున్నాను. సుజాత మొద్దు ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. ఎప్పుడూ బరువే అనిపించని చెక్క అది. ఇప్పుడు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. భీమయ్య ఉలి ఆనించి, కొట్టబోయే ముందు నా ముఖంలోకి చూశాడు.

"గీసారి కింద పెట్టకు బిడ్డా. ఇంకో చెట్టు లేదు."